ఉగాండా ప్రతిపక్ష ఎంపీకి ఏది దిక్కు: స్పీకరా, కోర్టా, విదేశమా?

ఉగాండాలో పాటలు పాడుతూ రాజకీయాల్లోకొచ్చి ఎంపీ అయిన ప్రతిపక్ష నేత బోబీ వైన్ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న అడుగుతున్నారు: సైనికులు మీద పడుతుంటే ప్రతిపక్ష ఎంపీ ఎవరి దగ్గరికి పోవాలి? దేశం వదిలి వెళ్లిపోవచ్చు కదా?

ముందు స్పీకర్ సంగతి. 2018 ఆగస్టులో ఆరువా ఉప ఎన్నిక ప్రచారంలో బోబీ వైన్ డ్రైవర్ తూటాకు బలయ్యాడు. తనను, తోటి ఎంపీ ఫ్రాన్సిస్ జాకెను చిత్రహింసలు పెట్టారని బోబీ వైన్ అంటే, అదేం లేదని సైన్యం అంది. స్పీకర్ రెబెకా కడాగా అధికార పార్టీ మనిషే అయినా, బాధ్యులను అరెస్టు చేయాలని దేశాధ్యక్షుడు ముసెవేనీకి ఘాటుగా లేఖ రాశారు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ లేఖ వెళ్లేసరికి దాదాపు రెండు వారాలైంది. పైగా 2017 సెప్టెంబరులో భద్రతా సిబ్బంది సభలోంచే ఎంపీలను ఈడ్చుకెళ్లినప్పుడు, ఆ ఎంపీలను సస్పెండ్ చేసింది కూడా ఈ కడాగాయే. 2022లో డిప్యూటీ స్పీకర్ అనిటా అమాంగ్ మీద వ్యాఖ్యలు చేశాడని జాకెను సభ పార్లమెంటరీ కమిషన్ (పార్లమెంటు పాలన చూసే సంఘం) నుంచి తీసేసింది. కుర్చీలో ఎవరున్నారు, ఆ రోజు ఎలా ఉన్నారు అన్నదాని మీద ప్రాణం పెట్టుకోలేం.

నా లెక్కలో తేల్చేది గంటలు. మనిషి సైన్యం చేతిలోంచి ఎంత త్వరగా బయటికొస్తాడు? అరెస్టు చేసినవాళ్లను 48 గంటల్లో కోర్టు ముందు పెట్టాలని ఉగాండా రాజ్యాంగం చెబుతుంది. మనకు 24. కాగితం మీదే కావచ్చు, కానీ లాయర్ పట్టుకోవడానికి అదే ఆధారం. 2021 జనవరి 14న ఎన్నిక జరగగానే బోబీ వైన్ ఇంటిని సైనికులు చుట్టుముట్టారు. 25న హైకోర్టు ఇది చట్టవిరుద్ధం అంది. మర్నాడు కదిలారు. పదకొండు రోజులు ఎక్కువే, అయినా కదిలించింది కోర్టే.

ఇక్కడ ఒక గండం ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో ఎంపీ అలన్ సెవన్యానాకు బెయిల్ వచ్చింది. జైలు గేటు దాటగానే మళ్లీ పట్టుకుపోయారు. చివరికి బయటపడింది 2023 ఫిబ్రవరిలో. కాబట్టి ఆర్డర్ చేతికొచ్చిందని టెన్షన్ తగ్గించుకోకూడదు. లాయర్లు, విలేకరులు, ఇంటివాళ్లు ఆ గేటు దగ్గరే కాచుకుని ఉండాలి.

విదేశమంటారా, వైద్యానికైతే సరే. 2018లో బోబీ వైన్ అమెరికా వెళ్లి సెప్టెంబరు 20న తిరిగొచ్చాడు. జాకె మన దేశానికే వచ్చి చికిత్స చేయించుకున్నాడు. అక్కడే ఉండిపోతే మాత్రం, స్పీకర్ రాతపూర్వక అనుమతి లేకుండా 15 సిట్టింగులకు (సభ కూర్చునే రోజులకు) రాని ఎంపీ సీటు పోతుందని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. తరిమినవాళ్లకు కావలసిందీ అదే.

దేశదేశాల పార్లమెంట్ల సంఘమైన ఇంటర్-పార్లమెంటరీ యూనియన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు, నష్టం లేదు. ప్రైవేటు గార్డులంటారా, సైన్యం ముందు వాళ్లేం నిలుస్తారు!