నిమజ్జనం రోజున తెలిసిన తేడా: స్క్రీన్ ప్రింటా, డీటీఎఫ్ఫా?

మా వీధి వినాయక చవితి కమిటీకి మూడేళ్ల క్రితం స్క్రీన్ ప్రింట్ టీషర్టులు వేయించాం. పసుపు చొక్కా, మెరూన్ అక్షరాలు. మరుసటి ఏడు డైరెక్ట్ టు ఫిల్మ్, అంటే బొమ్మను ఫిల్మ్ మీద ముద్రించి గుడ్డకు అతికించే డీటీఎఫ్‌కి మారాం. రెండూ ఇప్పటికీ వాడుతున్నాను.

డీటీఎఫ్ చేతికి రాగానే, "ఇక స్క్రీన్ ప్రింట్ జోలికే వెళ్లొద్దు" అని అందరికీ చెప్పింది నేనే. రంగుకో స్క్రీన్ (రంగు దిగే జాలీ అచ్చు) చేయించక్కర్లేదు. గణపతి కిరీటంలో రాళ్లు కూడా విడివిడిగా కనిపించాయి. ఆ ముచ్చటలోనే బొమ్మను ఛాతీ నిండా, ఏ4 కాగితమంత వేయించాం.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం రెండింటికి మా బండి గోదావరి గట్టు వైపు కదిలింది. డప్పులు, ఎండ, ఉక్కపోత. అరగంట తిరక్కుండానే మొదలైంది నా అవస్థ. చొక్కా మిగతా అంతా గాలికి ఆరుతోంది, బొమ్మ ఉన్న మేర మాత్రం ప్లాస్టిక్ కవర్ కట్టుకున్నట్టు ఒంటికి అంటుకుపోయింది. వేళ్లతో లాగి వదిలితే మళ్లీ చప్పున అతుక్కునేది. రాత్రి చొక్కా విప్పితే ఛాతీ మీద సరిగ్గా బొమ్మ కొలతకు చెమటకాయలు! వారం రోజులు పౌడర్ రాసుకుంటూ తిరిగాను.

డీటీఎఫ్‌లో బొమ్మను ఫిల్మ్ మీద ముద్రించి, జిగురు పొడి చల్లి, హీట్ ప్రెస్‌తో గుడ్డకు అతికిస్తారు. అంటే గుడ్డ మీద ఇంకో పొర. మా పాత చొక్కాలకు వాడింది వాటర్ బేస్ ఇంక్. అది నూలులోకే ఇంకిపోయింది. కళ్లు మూసుకుని తడిమితే అక్షరం ఎక్కడుందో తెలియదు. స్క్రీన్ ప్రింట్ అయినా, గుడ్డ మీద ప్లాస్టిక్ పొరలా నిలిచే ప్లాస్టిసాల్ ఇంక్‌తో ఛాతీ నిండా వేస్తే గాలి ఆడదు, అది వేరే సంగతి.

ఉన్నమాట చెప్పాలి, పాత మెరూన్ కాస్త వెలిసింది. డీటీఎఫ్ రంగు మాత్రం నిన్న వేసినట్టే ఉంది, ఒక మూల కొంచెం లేచిందంతే. తిరగేసి ఉతికి, తిరగేసే ఇస్త్రీ చేస్తున్నాను.

మావి నలభై చొక్కాలు, ఎండలో తిరిగే పని. పది చొక్కాలకే, అదీ ఫొటోలాంటి బొమ్మ కావాలంటే నేనూ డీటీఎఫ్‌కే వెళ్తాను. ఈసారి వీపు మీద స్క్రీన్ ప్రింట్, జేబు దగ్గర అరచేయి కంటే చిన్న డీటీఎఫ్ గణపతి వేయిద్దామని కమిటీలో చెప్పి వచ్చాను. కుర్రాళ్లేమో నల్ల చొక్కాలే కావాలంటున్నారు. మామూలు వాటర్ బేస్ ఇంక్ నలుపు మీద తేలదు. ఇంకా తెగలేదు.