వానమబ్బు రంగు గోడ: మూడు ఎండాకాలాలు గడిచాక

నల్లగొండలో 12 బై 10 అడుగుల పడకగదిలో మంచం తలాపు వైపు గోడకు ఈ రంగు వేయించి మూడేళ్లు దాటింది. నీలం, బూడిద కలిసిన ముదురు షేడ్, సరిగ్గా వాన ముందరి మబ్బు. మిగతా మూడు గోడలు, సీలింగు మీగడ తెలుపు. నాలుగు గోడలకూ ఇదే వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తుంది. ఒక్క గోడ చాలు.

పని చెడేది రంగు దగ్గర కాదు, లప్పం దగ్గర. ముదురు షేడ్ ప్రతి బ్లేడు గీతనూ బయటపెడుతుంది. వైట్ సిమెంటు లప్పం రెండు కోట్లు పెట్టించి, 180 నంబరు ఎమరీతోనూ తర్వాత 320తోనూ రుద్దించాలి. రాత్రి లైటు ఆర్పి, ఫోన్ టార్చి గోడకు ఆనించి పక్కనుంచి కొడితే ఎగుడుదిగుళ్లు నీడలు పడి కనిపిస్తాయి. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి పెట్టండి, పెయింటర్‌తో వాదన ఉండదు. రుద్దిన పొడి తుడవకుండా ప్రైమర్ కొడితే తర్వాత పెచ్చులూడుతుంది.

ముదురు షేడ్లు కలిపే బేస్‌లో (షాపులో రంగు కలపడానికి వాడే మూల పెయింటులో) తెల్ల పిగ్మెంటు తక్కువ, కింది రంగును కప్పే బలమూ తక్కువే. ప్రైమర్ తెల్లగా ఉంటే మూడో కోటుకు కూడా మచ్చలు తేలతాయి. ప్రైమర్‌లో కొంచెం నల్ల స్టెయినర్ (చిక్కటి రంగు ద్రవం) కలిపి బూడిద రంగుకు తెప్పించండి. 120 చదరపు అడుగుల గోడకు రెండు లీటర్లు తెస్తే మూడు కోట్లు పోను సుమారు అర లీటరు మిగిలింది. కోటుకు కోటుకు నాలుగు గంటలు ఆగాలి. మే నెలలో మధ్యాహ్నం వేయిస్తే గోడ వేడికి రోలర్ అంచు అప్పటికప్పుడే ఆరి చారలు పడతాయి. పొద్దున్నే, ఫ్యాను ఆపి వేయించడం మేలు.

తెల్ల ట్యూబులైటు కింద ఈ గోడ చల్లటి నీలం, 3000 కెల్విన్ పసుపు బల్బు కింద మెత్తటి బూడిద. నాకు రెండోదే నచ్చింది. కింద నీలం తాండూరు బండలుంటే గది మొత్తం డల్ అవుతుంది. పసుపు బండలు, టేకు తలుపు ఉంటే మాత్రం ఈ రంగు అందం చూసి తీరాలి.

ఇక ఇబ్బందులు. కూలర్‌ను ఈ గోడ దరిదాపుల్లో పెట్టొద్దు. మన బోరు నీళ్ల ఉప్పు తుంపర్లతో వచ్చి, ఆరాక ఆవగింజంత తెల్ల చుక్కలుగా మిగులుతుంది. లేత గోడ మీద కంటికి ఆనదు, దీని మీద గది అవతలి నుంచే కనబడుతుంది. స్విచ్‌బోర్డు మీద దుబ్బ, బల్లి రెట్ట కూడా అంతే. గోడ అడుగున నెమ్ము ఉంటే అది మాన్పించేదాకా ఈ రంగు ఊసెత్తకండి, ఉప్పు పొంగి రంగును లేపేస్తుంది. మెరుపు లేని మ్యాట్ ఫినిష్, లప్పం లోపాలను కొంత దాస్తుంది గానీ, తల ఆనే చోట నూనె పట్టి అరచేతంత మెరుపు మచ్చ పడింది. గోడ నున్నగా వస్తే కొద్దిగా మెరిసే సాఫ్ట్ షీన్ తీసుకోవడమే నయం.

గీత పడ్డచోట బ్రష్‌తో అద్దితే ఆ ముక్క వేరుగా కొడుతుంది. మూల నుంచి మూల దాకా రోలర్ తిప్పాల్సిందే, మిగిలిన అర లీటరు దానికి ఒక్క కోటుకే బొటాబొటీగా సరిపోతుంది. డబ్బా మూత మీది షేడ్ కోడ్, బేస్ పేరు ఫోటో తీసి ఉంచుకోండి.