వీధి ప్రదర్శన నేర్పే తరగతి: పెట్టె దండగ, ఘాట్ పాఠం పండగ

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి మేడ మీద శని, ఆదివారాల్లో నడిచే శిక్షణ తరగతి గురించి రాస్తున్నాను. పన్నెండేళ్ళు నిండి పద్దెనిమిదేళ్ళు దాటని పిల్లలకు, ముందు ఏ అనుభవమూ లేకపోయినా సరే, నలుగురు తిరిగే చోట నిలబడి పది నిమిషాల సొంత ప్రదర్శన ఇవ్వగలిగేంత తర్ఫీదు ఇస్తామన్నది నిర్వాహకుల మాట. గడువు రెండు నెలలు, రుసుము 4,500 రూపాయలు. అందులో 1,200 రూపాయలు వాళ్ళిచ్చే సామగ్రి పెట్టెకే పోతాయి. మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాణ్ణి తీసుకువెళ్ళి తీసుకువచ్చే పని నాది కాబట్టి, వెనక బల్ల మీద కూర్చుని పాఠాలన్నీ చూశాను. గారడీ విద్యలు నేర్పడంలో ఈ తరగతి మామూలుగానే ఉంది, మాటలు కూర్చడంలో బలహీనంగా ఉంది. దారిన పోయే మనిషిని ఆపి, ఆగినవాణ్ణి చివరిదాకా నిలబెట్టే పద్ధతిని మాత్రం ఇంత శ్రద్ధగా నేర్పేవారిని నేను మరెక్కడా చూడలేదు.

ముందు పెట్టె సంగతి. అందులో మూడు ప్లాస్టిక్ గిన్నెలు, స్పాంజి బంతులు, ఒకదానిలో ఒకటి దూరే రేకు కడియాలు, ఒక పేక కట్ట, సిల్కు రుమాళ్ళు, రెండు బారల నూలు తాడు, చివర్లు తెల్లగా ఉండే నల్లటి మంత్రదండం ఉన్నాయి. వీటిలో ఆరుబయట పనికివచ్చేది నూలు తాడు ఒక్కటే, అదీ వన్‌టౌన్‌లో ఏ తాళ్ళ కొట్టుకు వెళ్ళినా చవకగా దొరుకుతుంది. పేక ముక్కలు ఎదురుగా నిలబడిన నలుగురికి తప్ప అయిదో మనిషికి కనబడవు, పైగా బెజవాడ ఉక్కకు చెమట చేతుల్లో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రుమాళ్ళు నది గాలికి నిలవవు. గిన్నెలైతే మరీ తేలిక, లోపల బంతి ఉన్నప్పుడు ఒక చప్పుడు, లేనప్పుడు మరో చప్పుడు చేస్తాయి కాబట్టి ముందు వరుసలో కూర్చున్న పిల్లకాయ ఎవడైనా గుట్టు కనిపెట్టేస్తాడు. వాటికి బదులు ఇంట్లో అడుగు బరువైన స్టీలు గ్లాసులు మూడు తీసుకుని, కింద మందపాటి గుడ్డ పరిస్తే పని జరిగిపోతుంది. మాస్టారే రెండో వారంలో ఈ మాట చెప్పారు. అలాంటప్పుడు పెట్టె ఎందుకు అమ్ముతున్నారో నాకు అర్థం కాలేదు.

బంతుల విషయంలో మాత్రం మాస్టారి సలహా బాగుంది. రబ్బరు బంతి జారిందంటే ఎగిరి దొర్లి పక్క సందులోకి పోతుంది, దాని వెంట పరుగెత్తే పిల్లవాడి వెనక చూసేవాళ్ళ ధ్యాసా పోతుంది. అందుకని జొన్నలో బియ్యమో గుప్పిట్లో పట్టేటంత బుడగలో నింపి, దాని మీద మూతి కత్తిరించిన మరో రెండు బుడగలు తొడిగి, ఒక్కొక్కటి వంద గ్రాముల పైచిలుకు తూగేలా చేయించారు. ఇవి పడిన చోటే పడి ఉంటాయి. ఎగరవేయడం నేర్చుకునే రోజుల్లో మంచానికి ఎదురుగా, మోకాళ్ళు మంచం పట్టెకు తగిలేంత దగ్గరగా నిలబడమన్నారు. బంతి పరుపు మీద పడితే వంగి ఏరుకునే శ్రమ తగ్గుతుంది, ముందుకు నడుస్తూ విసిరే దురలవాటూ పోతుంది. రెండు బంతులతో కుడి ఎడమల విసురు సమానంగా కుదిరేదాకా మూడోది ముట్టనివ్వలేదు.

ఇక ఈ తరగతి అసలు బలం గురించి. మాస్టారు మొదటి పాఠంలో ఏ విద్యా చూపించలేదు. నేల మీద ఒక తాడు వంపుగా పరిచి, దాని వెనక చేరి, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా మరో తాడును చేత్తో కొలుస్తూ కూర్చున్నారు. పిల్లలు ఒక్కొక్కరే తాడు అంచు దాకా వచ్చి ఆగారు. అప్పుడు లేచి వివరించారు: ఖాళీ స్థలంలో ఒంటరిగా ఆగడానికి పెద్దవాళ్ళు మొహమాటపడతారు, ఎక్కడ ఆగాలో నేల మీద ఒక గీత కనిపించి, అప్పటికే అక్కడ ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ మొహమాటం పోతుంది. కాబట్టి ముందు ఆగిన ఆ ఇద్దరినీ పేరుపేరునా పలకరించి, దగ్గరకు పిలిచి, గీత దాకా రప్పించాలి. చిన్నపిల్లలను ముందు కూర్చోబెడితే వాళ్ళ వెనక అమ్మానాన్నలు తప్పకుండా నిలబడతారు. జనం పలచగా ఉన్నంతసేపు చిన్న చిన్న విద్యలు దండగ, దూరం నుంచి కనబడే పని, అంటే బంతులు ఎగరవేయడమో బారెడు తాడు చాపడమో చేయాలి. గుంపు రెండు మూడు వరుసలయ్యాకే గ్లాసులు తీయాలి.

ప్రదర్శన వరుస గురించి కూడా ఆయన నిక్కచ్చిగా ఉన్నారు. పది నిమిషాలకు మూడు అంశాలు చాలునన్నారు. తనకు బాగా వచ్చినవాటిలో రెండోది మొదట, అన్నిటికంటే గట్టిది చివర, నడుమ జనంలోంచి ఒకరిని పిలిచి చేయించేది ఉండాలి. ఆ చివరిది ఏమిటో ప్రదర్శన మొదట్లోనే ఊరించి చెప్పాలి. డబ్బుల కోసం టోపీ చాపేది ముగింపు చప్పట్ల తర్వాత కాదు, ముగింపుకు ఒక్క క్షణం ముందు, ఎందుకంటే చప్పట్లు కొట్టిన చేతులు జేబుల్లోకి వెళ్ళేలోగా కాళ్ళు బస్టాండు వైపు వెళ్ళిపోతాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. మన గారడీవాళ్ళు బుట్ట మీద గుడ్డ కప్పి, లోపల ఏముందో చూపించే ముందే పళ్ళెం తిప్పేవారు. ఆ వృత్తి కులాలవాళ్ళకు తరతరాలుగా తెలిసిన విద్యను ఇప్పుడు రుసుము కట్టి నేర్చుకుంటున్నాం, ఆ సంగతి తరగతిలో ఒకసారైనా చెబితే బాగుండేది.

చివరి వారాల్లో ఆదివారం సాయంత్రాలు భవానీపురంలోని పున్నమి ఘాట్‌లో సాధన చేయించారు. రుసుముకు నిజమైన ప్రతిఫలం దక్కింది అక్కడే. మేడ మీద తోటి పిల్లల ముందు చక్కగా వచ్చిన విద్య ఘాట్ మెట్ల దగ్గర ఎందుకు తడబడుతుందో అక్కడికి వెళితేనే తెలుస్తుంది. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు పైనుంచి చూస్తారు, గదిలో ఎదుటివారికి కనబడని అరచేయి వాళ్ళకు కనబడుతుంది. గ్లాసును ఎప్పటిలా పైకెత్తితే లోపలి భాగం మూడో మెట్టు మీది మనిషి కళ్ళ ముందు తెరుచుకుంటుంది. దీనికి మాస్టారు చూపించిన ఉపాయం ఎంత తేలికో అంత పనికివచ్చేది: మెట్లకు ఎదురుగా కింద నిలబడకుండా, మొదటి చదును మీద వీపు గోడకు ఆనేలా నిలబడి, పిల్లలను తనకంటే దిగువ మెట్ల మీద కూర్చోబెట్టుకోవడం. రహస్యాలు రాయడం మర్యాద కాదు గనుక ఇంతకుమించి చెప్పను.

మావాడు తాడు కోసి అతికించే అంశం ఎంచుకున్నాడు. మొదటిసారి ఘాట్‌లో చేసినప్పుడు కత్తెర పడిన మరుక్షణమే, జనం తెగిన చివర్లను చూసేలోపే, గబగబా మాట్లాడుతూ తాడును మళ్ళీ ఒక్కటి చేసేశాడు. మొక్కజొన్న పొత్తు తింటున్న ఒకావిడ పక్కనున్న పాపతో “ఏం చేశాడే?” అని అడగడం నాకు స్పష్టంగా వినిపించింది. మాస్టారు వాణ్ణి పక్కకు పిలిచి, “చూడు నాన్నా, కోశాక నోరు కట్టేసెయ్. రెండు చివరలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరి కళ్ళలోకి చూడు. వాళ్ళు అయ్యో అనుకున్నాకే నువ్వు అతికించాలి” అన్నారు. మరో గుంపు చేరాక అలాగే చేశాడు. నిశ్శబ్దంగా నిలబడిన ఆ నాలుగైదు సెకన్లు వాడికి ఎంత కష్టంగా ఉన్నాయో వాడి మెడ నరాలు చూస్తే తెలిసింది. కానీ ఈసారి తాడు ఒక్కటి కాగానే వెనక వరుసలోంచి కేక వచ్చింది. చేతి విద్య ఏమీ మారలేదు, మారింది ఆగడం ఒక్కటే. ఇలా పక్కనే ఉండి, ఆ క్షణంలోనే దిద్దే గురువు దొరకడం అరుదు.

బలహీనత మాటల దగ్గర ఉందని మొదట్లోనే అన్నాను. ప్రతి పిల్లవాడికీ అచ్చువేసిన రెండు కాగితాలు ఇచ్చి బట్టీ పట్టమన్నారు. “లేడీస్ అండ్ జెంటిల్మెన్” అని మొదలై, టీవీ యాంకర్ల ధోరణిలో సాగి, పిలిచినవాణ్ణి వెక్కిరించే జోకులతో ముగిసే ఆ మాటలు ఎవరి నోట విన్నా ఒకేలా ఉన్నాయి. సాయం చేయడానికి ముందుకు వచ్చిన పిల్లవాడి బొజ్జ మీద జోకు వేస్తే జనం నవ్వవచ్చు గానీ, తరువాత పిలిస్తే ఎవరూ రారు. ఆ కాగితాలు పక్కన పెట్టి, మావాడి చేత మేమే ఇంట్లో మాటలు రాయించాం. తాడు కరెంటు తీగ అయింది. కత్తెర పడగానే “పోయింది!” అని జనం అనాలి, అతుక్కోగానే “వచ్చింది!” అని అరవాలి. ఎండాకాలం రాత్రి కరెంటు వచ్చినప్పుడు వీధి వీధంతా ఒక్క గొంతుతో అరిచే ఆ కేకను బెజవాడలో ఎవరికీ నేర్పక్కర్లేదు. మెట్ల మీద కూర్చున్న ముసలాయన కూడా గొంతు కలిపాడు.

ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చేరితే బుర్రకథ పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చునని నా సూచన. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ వంటి కళాకారులు ఊరూరా నిలబెట్టిన ఆ రూపంలో నడుమ కథకుడు కథ నడుపుతుంటే, పక్కన వంత పాడేవాళ్ళలో ఒక వంత హాస్యం పలికిస్తాడు, మరో వంత లోకంలో జరిగేవాటిని ముడిపెడతాడు. గ్లాసులూ బంతుల ఆట ఆడే పిల్లవాడి పక్కన అర్థం కానట్టు అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసే వంత ఒకడుంటే, చూసేవాళ్ళ అనుమానాలు వాడి నోటే వస్తాయి, చేయి మారే క్షణంలో చూపులూ వాడి మీదికి పోతాయి. పక్కనే కృష్ణా జిల్లాలో, కూచిపూడివారి పగటి వేషాల్లో, ఒకే మనిషి తెర అటూ ఇటూ జరుపుతూ అర్ధనారీశ్వరుడిగా శివుణ్ణీ పార్వతినీ మార్చి మార్చి చూపించే ఒడుపు కూడా కొత్తగా నేర్చుకునేవారు చూసి తీరవలసినది. ఇవేవీ పాఠ్యక్రమంలో లేవు.

భద్రత, అనుమతుల విషయంలో నిర్వాహకులు జాగ్రత్తగానే ఉన్నారు. నిప్పుతో ఆటలు పూర్తిగా నిషేధం. జంతువుల ఊసు లేదు. పాములను పట్టి ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని పిల్లలకు చెప్పారు కూడా. ఘాట్ సాధనకు ముందుగానే అనుమతి తీసుకున్నారు, మైకు వాడలేదు. తరగతి జరుగుతున్నంత కాలం పిల్లల చేత టోపీ చాపించలేదు, ఆ ఘట్టాన్ని మేడ మీదే ఉత్తుత్తిగా అభ్యాసం చేయించారు. ఇది సరైన పనే. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం బహిరంగ స్థలంలో పాడి, ఆడి డబ్బు అడగడాన్ని కూడా యాచన కిందే జమకట్టింది. అటువంటి చూపు మన దగ్గరా పూర్తిగా పోలేదు గనుక, పసివాళ్ళు డబ్బు అడుగుతూ కనబడితే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఈ సంగతులు పిల్లలు తరగతిలో చేరే రోజునే తల్లిదండ్రులకు కాగితం మీద రాసి ఇవ్వాలి, కానీ అడిగినవారికి మాత్రమే నోటిమాటగా చెబుతున్నారు.

చిన్న ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. మేడ మీది రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట కూర్చోవడం శిక్షే, ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగదు. తరగతి చెప్పిన వేళకు మొదలుకావడం అరుదు. చివర ఇచ్చే ధ్రువపత్రం ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

బిడియం పోగొట్టుకోవాలనుకునే పిల్లలకు, పుట్టినరోజు వేడుకల్లో నాలుగు విద్యలు చూపిస్తే చాలుననుకునేవారికి ఇది అవసరానికి మించిన తరగతి. వాళ్ళకు ఇంట్లో అద్దం ముందు చేసే సాధన సరిపోతుంది. అపరిచితుల ఎదుట నిలబడి తన సొంత ప్రదర్శన కట్టుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి మాత్రం నిస్సందేహంగా సిఫారసు చేస్తాను, బెసెంట్ రోడ్డులాంటి ఇరుకు బజారులో మొదలుపెట్టకుండా ఘాట్‌లోనే మొదలుపెట్టాలన్న షరతుతో. బెసెంట్ రోడ్డులో గుంపు చేరితే దారి మూసుకుపోతుంది, కొట్టువాళ్ళు కేకలేస్తారు, ఆగిన మనిషి మనసు సగం బేరం మీదే ఉంటుంది. వేసవి సెలవుల బ్యాచిలో చేరితే ఘాట్ మెట్లు సాయంత్రం ఆరింటికి కూడా కాలుతూనే ఉంటాయి కాబట్టి, వీలైతే చలికాలంలో మొదలయ్యే బ్యాచి చూసుకోండి. సామగ్రి పెట్టె వద్దని చేరేటప్పుడే గట్టిగా చెబితే 3,300 రూపాయలే తీసుకుంటారు. ఈ వెసులుబాటు ప్రకటనలో ఎక్కడా ఉండదు, అడిగితేనే ఇస్తారు.