టూ బీట్ కిక్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తా, ఫ్రీస్టైల్‌లో టూ బీట్ కిక్, అంటే కాళ్ళు తక్కువసార్లు తన్నే పద్ధతి, వేగం కోసం కాదు, దూరం కోసం. యాభై మీటర్లలో పక్క లేన్ వాడి కంటే ముందు గోడ ముట్టాలనుకునేవాళ్ళకు ఇది పనికిరాదు. కానీ చిన్నప్పుడు కర్నూలు కేసీ కెనాల్‌లో దూకి ఈత నేర్చుకుని, పెద్దయ్యాక పూల్‌కు పోయి, రెండు లెంగ్తులకే ఆయాసమొచ్చి గోడ పట్టుకుని నిలబడే నాలాంటోళ్ళు మాత్రం దీన్ని ఒంటబట్టించుకోవాల్సిందే.

కెనాల్ ఈతగాళ్ళకు చేతుల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, లాగుతారు. కాళ్ళతోనే తంటా. సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలితే ప్రవాహమే మనల్ని తోసుకుపోతుంది కాబట్టి కాళ్ళు పనిచేస్తున్నాయో ఊరికే నీళ్ళు చిమ్ముతున్నాయో ఎప్పటికీ తెలీదు. కదలని పూల్ నీళ్ళలో దిగితే గుట్టు బయటపడుతుంది. మోకాళ్ళు సైకిల్ తొక్కినట్టు మడిచి తన్నుతుంటాం, నురగ బాగా లేస్తుంది, మనిషి మాత్రం ముందుకు పోడు. తొడ కండరాలు ఒంట్లో అన్నిటికంటే పెద్దవి, వాటిని ఆపకుండా ఆడిస్తే అవి తాగేసే ఆక్సిజన్‌కు ఊపిరి చాలదు. నేను నేర్చుకున్న క్యాంపులో కోచ్ గట్టు మీద నిలబడి "కాళ్ళు కొట్టు, కాళ్ళు కొట్టు" అని అరవడం తప్ప ఏ కాలు ఎప్పుడు కొట్టాలో ఒక్కరోజూ చెప్పలేదు.

లెక్క ఇదీ. రెండు చేతులూ ఒక్కో చుట్టు తిరిగేలోపు కాళ్ళు ఆరుసార్లు తన్నితే సిక్స్ బీట్, రెండేసార్లు తన్నితే టూ బీట్, మధ్యలో ఫోర్ బీట్ ఒకటుంది. స్ప్రింటర్లు సిక్స్ బీట్ వదలరు. ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) వాళ్ళు, నదుల్లో సముద్రంలో కిలోమీటర్ల కొద్దీ ఈదేవాళ్ళు ఎక్కువగా టూ బీట్ వైపు పోతారు. ఇది చేతకానోళ్ళ కిక్ అనుకునేవాళ్ళు 2012 లండన్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు సున్ యాంగ్ ఈదిన 1500 మీటర్ల రేసు చూడండి. చాలాసేపు కాళ్ళు తీరిగ్గా కదులుతుంటాయి, ఆఖర్లో మాత్రం సిక్స్ బీట్‌కు మారి దుమ్ము లేపుతాడు. 14 నిమిషాల 31.02 సెకన్లు. ఆ ప్రపంచ రికార్డును 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా ఎవరూ కదిలించలేకపోయారు.

ఇక అసలు విషయం టైమింగ్. ఎడమ చెయ్యి నీళ్ళలోకి దిగి ముందుకు సాగేటప్పుడు కుడి కాలు తన్నాలి, కుడి చెయ్యి దిగేటప్పుడు ఎడమ కాలు. వినడానికి ఇంతే. దీని వెనక పని ఏంటంటే, కుడి కాలు కిందికి తన్నగానే కుడి తుంటి పైకి లేస్తుంది, ఒళ్ళు ఎడమ పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగుడుకు ఎడమ చెయ్యి ఇంకో జానెడు ముందుకు పోతుంది, అదే సమయంలో కుడి చెయ్యి నీళ్ళను వెనక్కి లాగుతుంటుంది కాబట్టి ఆ లాగుడుకు భుజం బలమే కాక నడుము బలం కూడా తోడవుతుంది. అంటే ఇక్కడ కాలి తన్ను మనల్ని ముందుకు తోసేది తక్కువ, ఒంటిని తిప్పేది ఎక్కువ. ఇది బుర్రకెక్కిన రోజు నుంచే నాకు ఈత మారింది. అంతకుముందు నెలల తరబడి కాళ్ళు లెక్కపెట్టుకుంటూ ఈదడమంత దండగ పని ఇంకోటి లేదు. లెక్క మీద పడితే చేతులు గాడి తప్పుతాయి.

ఇంకో లాభం ఊపిరి దగ్గర కనిపిస్తుంది. నేను కుడి పక్కకు ఊపిరి తీసుకుంటా. కుడి తుంటి లేచినప్పుడే మొహం కూడా దాంతోపాటు తిరుగుతుంది, తల ఎత్తే పనే ఉండదు, ఒక కన్ను నీళ్ళలోనే ఉండగా నోరు బయటికొచ్చేస్తుంది. ఈ తన్ను అర క్షణం ఆలస్యమైందా, ముందు చాచిన చెయ్యి ఆసరా కోసం కిందికి నొక్కుకుంటుంది, కాళ్ళు కత్తెర లాగా విడిపోతాయి. చాలామందికి కాళ్ళు విడిపోవడం కాళ్ళ జబ్బు అనిపిస్తుంది, నిజానికి అది ఊపిరి జబ్బు. ఊపిరి తీసుకోకుండా నాలుగైదు స్ట్రోకులు ఈదండి, కాళ్ళు వాటంతటవే దగ్గరికొస్తే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది.

సామాన్ల సంగతి. చేతులతో పట్టుకుని తేలే పలక, కిక్‌బోర్డు, దీనికి ఏమాత్రం సాయం చేయదు, చేతులు బోర్డు మీద కట్టేసినట్టుంటే చెయ్యికీ కాలికీ జత ఎట్లా కుదురుతుంది? పాదాలకు తొడుక్కునే ఫిన్స్ వేసుకుంటే ఒళ్ళు తేలిగ్గా పోతుంది గానీ టైమింగ్ తప్పినా తెలీదు, అందుకే నేను పక్కన పడేశా. తొడల మధ్య పెట్టుకునే తేలే దిమ్మ, పుల్ బాయ్, మాత్రం మంచిది, కాళ్ళ గొడవ లేకుండా ఒళ్ళు ఎట్లా తిరగాలో ముందు అది నేర్పుతుంది. తర్వాత ఒక చేత్తోనే ఈదే డ్రిల్, ఇంకో చెయ్యి ముందుకు చాచి పెట్టి, చాలా నెమ్మదిగా. నాకు ఈ రెండే పనికొచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. చీలమండలు బిగుసుకుపోయినోళ్ళకు, పాదం వెనక్కి సాగకపోతే, ఆ ఒక్క తన్నూ సరిగ్గా పడదు. తల ఎత్తే అలవాటు పోనంతవరకు కాళ్ళు మునుగుతూనే ఉంటాయి, సిక్స్ బీట్ అయితే ఆ తప్పును దాచిపెట్టేది, ఇది దాచదు. వేగం పెంచాలంటే చేతుల తిప్పుడే పెంచాలి, నా భుజం దానికి అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. చూసేవాళ్ళకు కూడా ఆనదు. పూల్ గట్టు మీద కూర్చునే పెద్దాయన ఒకాయన "ఏమప్పా, కాళ్ళు కొట్టవా నువ్వు, నిద్రపోతాండావా?" అన్నాడు. "లేదు పెద్దయ్యా, దాచుకుంటాండా" అన్నా. నవ్వాడు గానీ నమ్మలేదు.

చిన్నపిల్లలకు ముందే ఇది నేర్పొద్దు, వాళ్ళకు కాళ్ళు గట్టిగా ఆడించడం రానీయండి. పెద్దోళ్ళు మొదలుపెట్టేటట్టయితే ఏప్రిల్, మే వదిలేయండి. ఎండలకు ఊరంతా పూల్‌లోనే ఉంటుంది, మనం చెయ్యి చాచి నిదానంగా జారుతుంటే వెనకోడు వచ్చి కాళ్ళ మీద పడతాడు. జూన్‌లో బడులు తెరిచాక పొద్దున్నే పోతే లేన్ ఖాళీగా దొరుకుతుంది.