జాగ్రత్త: 'ఖ్మేర్ ఆలయాల సాంస్కృతిక యాత్ర'కి అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

కంబోడియా వెళ్ళి అంగ్‌కోర్ వాట్ చూడాలని గ్రూప్ ప్యాకేజీల కోసం వెతుకుతున్నవాళ్ళకి ఈ పోస్టు. మమ్మల్ని తీసుకెళ్ళింది హైదరాబాదు కంపెనీ. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే ఇవే ఫొటోలు, ఇదే ప్లాను వేరే పేర్లతో కూడా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి.

హోటల్ బాగానే ఉంది. పప్పు, పెరుగు లేకుండా ఒక్క పూట కూడా గడవలేదు. విమానం టికెట్లలో తేడా రాలేదు. మోసమంతా గుళ్ళ దగ్గరే జరిగింది. దేనికోసం అంత దూరం వెళ్ళామో సరిగ్గా అక్కడే.

బ్రోషర్లో 'మూడు రోజుల ఆలయ దర్శనం, అన్ని ప్రవేశ రుసుములతో' అని ఉంది. అంగ్‌కోర్ గుళ్ళలోకి వెళ్ళాలంటే విదేశీయులకి పాస్ ఉండాలి. ఒకరోజు పాస్ 37 డాలర్లు, మూడు రోజులది 62, వారానిది 72. 2017లో పెంచిన ధరలివి. మూడు రోజుల పాస్‌ని పది రోజుల్లో మనకి నచ్చిన ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. వారం పాస్‌కి నెల గడువు. ఏ పాస్ మీదైనా మన ఫొటో ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. అమ్మేది అంగ్‌కోర్ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రభుత్వ సంస్థ. గుళ్ళ పక్కనున్న సీయమ్ రీప్ ఊళ్ళో వాళ్ళ టికెట్ కేంద్రం ఉంది, వాళ్ళ సైట్లోనూ కొనుక్కోవచ్చు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు.

మా చేతికి వచ్చినవి ఒకరోజు పాస్‌లు. కౌంటర్ దగ్గర ఫొటోలు దిగి బస్సెక్కాక పాస్ మీద ఉన్నది చదివి అడిగితే టూర్ మేనేజర్ నవ్వి, "మెయిన్ టెంపుల్స్ అన్నీ ఒక్కరోజులో కవర్ అయిపోతాయి మేడమ్, మిగతా రెండురోజులు కల్చరల్ యాక్టివిటీస్" అన్నాడు. మనిషికి 25 డాలర్ల తేడా. బస్సు నిండా జనం. లెక్క మీరే వేసుకోండి.

డబ్బు సంగతి అలా ఉంచండి, ఒకరోజు పాస్ వల్ల జరిగిన అసలు నష్టం వేరు. మా బ్యాచ్‌కి 'పౌర్ణమి స్పెషల్' అని పేరు పెట్టి, పున్నమినాడు అంగ్‌కోర్ వాట్ దర్శనం విశేషమని చెప్పి అమ్మారు. అంగ్‌కోర్ వాట్‌లో అన్నిటికంటే పై అంతస్తుని బాకాన్ అంటారు. అయిదు గోపురాలున్నది అక్కడే. మెట్లు నిటారుగా ఉంటాయి, ఒకసారికి కొద్దిమందినే పైకి వదులుతారు, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోని వాళ్ళని వెనక్కి పంపేస్తారు. బౌద్ధుల పవిత్ర దినాల్లో బాకాన్ మూసేస్తారు. ఆ పవిత్ర దినాల్లో పున్నమి ఒకటి! విశేషమని చెప్పి అమ్మిన రోజే పైకి దారి లేని రోజు. ఇది తెలుసుకోవడానికి గూగుల్ కూడా అక్కర్లేదు. గోడకున్న పంచాంగం క్యాలెండర్లో అష్టమి, పున్నమి, అమావాస్య ఎప్పుడొచ్చాయో చూస్తే ఒకరోజు అటూ ఇటుగా తెలిసిపోతుంది.

మెట్ల దగ్గర తాడు కట్టి ఉంది. మా అత్తయ్యగారు మేనేజర్ని పిలిచి, "మోకాళ్ళకి నెలరోజులు తైలం రాయించుకుని వచ్చాను నాయనా, ఎక్కకుండానే దించేస్తావా?" అన్నారు. "అమ్మా, కిందనుంచి దణ్ణం పెట్టుకున్నా పుణ్యం ఒకటే" అని ఆ మహానుభావుడి సమాధానం. మూడు రోజుల పాస్ ఉంటే మర్నాడు వచ్చి ఎక్కేవాళ్ళం, ఇంత గొడవే ఉండేది కాదు.

ఇక గైడ్. 'ఆలయ శాస్త్రం తెలిసిన పండితుడు తెలుగులో వివరిస్తారు' అనే మాటకే మా బస్సులో సగంమంది డబ్బు కట్టారు. ఆ పండితుడు ఎవరయ్యా అంటే ఈ టూర్ మేనేజరే. ఫోన్లో చూస్తూ చదివాడు. అంగ్‌కోర్ వాట్ ముందు నిలబడి ఇది ప్రపంచంలోనే అతిపెద్ద శివాలయం అన్నాడు. అది 12వ శతాబ్దం తొలి సగంలో రెండవ సూర్యవర్మన్ విష్ణువు కోసం కట్టించిన గుడి. ఆ తర్వాత, మన పల్లవ రాజులు వచ్చి కట్టారన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇలాంటివి వింటే మనకి ఒళ్ళు పులకరిస్తుందని వాళ్ళకి బాగా తెలుసు. కట్టించింది అక్కడి ఖ్మేర్ జాతి రాజు, చెక్కింది ఖ్మేర్ శిల్పులు. రామాయణ భారతాలు మన సముద్రం దాటి వెళ్ళిన మాట నిజమే గానీ, ఆ రాళ్ళకి అయిన చెమట వాళ్ళది.

కంబోడియాలో గుళ్ళలో వివరించడానికి అక్కడి పర్యాటక శాఖ లైసెన్సున్న గైడ్ ఉండాలి. వాళ్ళకి యూనిఫాం ఉంటుంది, లైసెన్సు కార్డు ఉంటుంది. మనతో హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి వేలు చూపిస్తూ ఉపన్యాసం ఇవ్వడం అక్కడ కుదరదు. యూనిఫాంలో ఉన్నాయన ఒకరు వచ్చి ఏదో అడిగేసరికి మావాడు ఫోన్ జేబులో పెట్టుకుని, "నలభై నిమిషాలు ఫ్రీ టైమ్, ఫొటోలు తీసుకోండి" అని వెళ్ళిపోయాడు. అంగ్‌కోర్ వాట్‌లో మాకు దొరికిన గైడింగ్ అంతే.

ఆ నలభై నిమిషాల్లో ఏం పోగొట్టుకున్నామో అప్పటికి బస్సులో చాలామందికి తెలియదు. చుట్టూ ఉన్న వసారాల గోడల నిండా కథలే. పడమటి ద్వారంలోంచి వచ్చి కుడికి తిరిగితే మొదటిది కురుక్షేత్రం. ఎడమనుంచి కౌరవసేన, కుడినుంచి పాండవసేన వరసలుగా వచ్చి మధ్యలో ఢీకొంటాయి. అంపశయ్య మీద భీష్ముడు ఉంటాడు. మలుపు తిరిగితే సూర్యవర్మన్ తన సేనతో కదిలిపోతుంటాడు, ఆ పక్కన యముడి కొలువు, స్వర్గనరకాలు. తూర్పున క్షీరసాగర మథనం, దాదాపు 49 మీటర్ల పొడవున ఒకే గోడ. వాసుకిని ఒకవైపు అసురులు, ఇంకోవైపు దేవతలు లాగుతుంటే నడుమ కూర్మం, విష్ణువు. దేవతల వరస చివర తోక పట్టుకుని హనుమంతుడు. చుట్టూ తిరిగి వస్తే ఆఖరున లంకా యుద్ధం. గుడిని ఎడమచేతి వైపు ఉంచుకుని, అంటే అప్రదక్షిణంగా నడిస్తే ఈ వరస కుదురుతుంది. పడమటి ముఖం, ఈ అప్రదక్షిణ క్రమం రెండూ చూసి ఇది రాజు మరణానంతరం కోసం కూడా ఉద్దేశించిన కట్టడమని చాలామంది పండితులు అంటారు. మావాళ్ళు మాత్రం పుణ్యమని గుడిని కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణం మొదలుపెట్టి, కథని తోకనుంచి తలకి చూసుకుంటూ, సగంలో విజిల్ వినబడి బస్సు దగ్గరికి పరుగెత్తారు.

ఇదంతా నాకు తెలిసింది 'కల్చరల్ యాక్టివిటీస్' ఎగ్గొట్టి మేం విడిగా వెళ్ళిన రోజున. హోటల్ వాళ్ళ ద్వారా లైసెన్సున్న గైడ్‌ని మాట్లాడుకున్నాం. ఇంగ్లీషులో చెప్పారు, మావారు అత్తయ్యగారికి తెలుగులో చెప్పారు. భీష్ముడి దగ్గర ఆవిడ చాలాసేపు కదల్లేదు. బాకాన్ కూడా ఎక్కారు, తైలం దండగ కాలేదు. కానీ మొదటి పాస్ అయిపోయింది కాబట్టి మళ్ళీ ఒకరోజు పాస్ కొనాల్సి వచ్చింది. 37కి 37 కలిపితే 74. వారం పాసే 72!

బ్రోషర్ అట్ట మీద గులాబి రంగు రాతి శిల్పం ఫొటో ఉంటుంది చూడండి, అది బాంతీయ్ శ్రేయ్. 967లో ప్రతిష్ఠ జరిగిన శివాలయం. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే రాజగురువు. కైలాసాన్ని ఊపుతున్న రావణుడు, శివుడు మన్మథుణ్ణి దహించడం, అంతా నగపనిలాంటి చెక్కడం. మిగతా గుళ్ళకి ఇది పాతిక కిలోమీటర్ల దూరం, పైగా సాయంత్రం పెందరాళే మూసేస్తారు. దారిలో పట్టు దుకాణం, ఆ తర్వాత రత్నాల దుకాణం. రెంటిలోనూ మా మేనేజర్‌కి కుర్చీ వేసి కొబ్బరిబోండాం ఇచ్చారు, ఆ చుట్టరికం ఏమిటో చెప్పనక్కర్లేదు. మేం వెళ్ళేసరికి బాంతీయ్ శ్రేయ్ గేటు వేసేశారు. బస్సులోంచి చూపించి 'విజిటెడ్' అని టిక్కు పెట్టుకున్నాడు.

తా ప్రోమ్‌లో చెట్టు వేళ్ళ దగ్గర ఫొటో దిగి వచ్చేశాం. ఆ గుడిని ఏళ్ళ తరబడి బాగుచేస్తున్నది మన పురావస్తు శాఖ. నాట్య మండపాన్ని నిలబెట్టింది వాళ్ళే. మనవాళ్ళని తీసుకెళ్ళి ఆ ముక్క కూడా చెప్పని యాత్రని సాంస్కృతిక యాత్ర అని ఎలా అంటారో!

మిగతా రెండురోజుల సంగతి తోటివాళ్ళు చెప్పింది. తోన్లే సాప్ సరస్సు మీద పడవ ఎక్కించి, నీటి మీది ఊళ్ళో బడిపిల్లల కోసమంటూ బియ్యం బస్తా కొనమన్నారు, బయటి ధరకి ఎన్నో రెట్లు. ఇది ఆ సరస్సు మీద పాత ఆటే. ఇంకోరోజు 'సేవా కార్యక్రమం' పేరుతో అనాథాశ్రమం. దయచేసి దీనికి మాత్రం ఒప్పుకోకండి. అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని, పర్యాటకుల డబ్బు కోసమే పిల్లల్ని ఇళ్ళనుంచి తెచ్చి ఉంచుతున్నారని యునిసెఫ్ లాంటి సంస్థలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. కూలెన్ కొండకి అంగ్‌కోర్ పాస్ చెల్లదు, వేరే టికెట్ 20 డాలర్లు. మావాళ్ళ దగ్గర రసీదు లేకుండా 35 తీసుకున్నారు.

ప్లాను పాతదని పట్టుకునే గుర్తులు రెండు. 'విమానం దిగిన పది నిమిషాల్లో హోటల్' అని ఉంటే 2023 అక్టోబరు తర్వాత ఎవరూ దాన్ని సరిదిద్దలేదని అర్థం. కొత్త విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్ల పైనే. మేం దిగిన రోజే బాఖెంగ్ కొండ మీద సూర్యాస్తమయం అని రాశారు. పైకి ఒకేసారి 300 మందినే వదులుతారు, మేం వెళ్ళేసరికి బాగా చీకటి. రెండోది ప్రీయా విహార్. థాయిలాండ్ సరిహద్దు మీది గుడి అది, 2025 జులైలో ఆ చుట్టుపక్కలే రెండు సైన్యాలు కొట్టుకున్నాయి. దాన్ని ఇంకా ప్లానులో పెట్టి అమ్ముతుంటేనో, బ్యాంకాక్ నుంచి బస్సులో తీసుకెళ్తామంటేనో, ఆ వారం సరిహద్దు పరిస్థితి ఏమిటో కాగితం మీద చెప్పమనండి.

అడ్వాన్సు కట్టే ముందు నేనైతే ఇప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు నమ్మను, మెయిల్ అడుగుతాను. పాస్ ఎన్ని రోజులది, గైడ్ లైసెన్సు ఉన్నవాడేనా, ఏ గుడి దగ్గర ఎన్ని గంటలు, బాకాన్ తెరిచి ఉండే రోజేనా, ప్లానులో దుకాణాలు ఎన్ని. 'కవర్ చేస్తాం' అనే మాట కనబడితే గంటల్లో రాయమనండి. వీసా ఫీజు అంటూ అదనంగా లాగితే కంబోడియా ప్రభుత్వ ఈ-వీసా సైట్లో ధర చూసుకోండి. టూరిస్టు వీసా 30 డాలర్ల దగ్గరే ఉంటుంది, దేశంలోకి అడుగుపెట్టేముందు నింపే ఈ-అరైవల్ ఫారానికి అసలు డబ్బే లేదు. టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ మీద కంపెనీ ముందే వసూలు చేసే పన్ను) అని తీసుకున్న మొత్తం ఆదాయపు పన్ను పోర్టల్లో మీ పాన్ మీద కనబడాలి. కనబడకపోతే అది పన్ను కాదు, వాళ్ళ జేబు. డబ్బు కంపెనీ ఖాతాకే వేయండి. మా బస్సులో మేనేజర్ సొంత ఫోన్ నంబరుకి పంపినవాళ్ళ దగ్గర ఇప్పుడు చూపించడానికి రసీదు లేదు.

మాలా ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. బ్రోషర్ చివర చిన్న అక్షరాల్లో 'వివాదాలు హైదరాబాదు పరిధిలోనే' అని రాసుకున్నా భయపడకండి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. మేం విజయవాడలో వేశాం. నోటీసు అందిన వారానికి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, కేసు వెనక్కి తీసుకుంటే బాలి టూర్‌లో పదిశాతం తగ్గిస్తారట. వద్దన్నాం.

ఇంకో సంగతి. మా ఫిర్యాదు తర్వాత వాళ్ళ బ్రోషర్లో 'మూడు రోజుల ఆలయ దర్శనం' కాస్తా 'మూడు రోజుల ఆలయ నగర అనుభవం'గా మారింది, పండితుడు 'టూర్ ఎస్కార్ట్' అయ్యాడు. పౌర్ణమి స్పెషల్ మాత్రం అలాగే ఉంది. రాబోయే బ్యాచ్‌కి డబ్బు కట్టినవాళ్ళుంటే మీకు మొదట పంపిన పీడీఎఫ్‌ని, తారీఖు కనబడే స్క్రీన్‌షాట్లని ఇప్పుడే భద్రపరచుకోండి. మా దగ్గర పాత బ్రోషర్, పాస్‌ల ఫొటోలు ఉన్నాయి, కమిషన్‌కి ఇవ్వడానికి కావాలన్నవాళ్ళు మెసేజ్ చేస్తే పంపుతాను.