కన్వర్టర్ మార్చకుండా కోడ్ పోగొట్టిన గ్యారేజీ: అనంతపురం, బళ్ళారి రోడ్డు

మా పాత పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో పి0420 కోడ్ వచ్చింది. పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక కన్వర్టర్ సామర్థ్యం ఉండవలసినదానికన్నా తగ్గిందని దాని అర్థం. మొదట చూపించిన చోట కోడ్ చదవగానే కన్వర్టర్ మార్చాలన్నారు. మరొకచోట లోపలి జాలీని పగలగొట్టేస్తే ఖర్చు తప్పుతుంది, పికప్ కూడా పెరుగుతుందని సలహా ఇచ్చారు. రసాయనశాస్త్రం బోధించే నాకు ఆ రెండో మాట అసలు మింగుడుపడలేదు.

బళ్ళారి రోడ్డులోని ఈ చిన్న గ్యారేజీలో హెడ్ మెకానిక్ మొదట అడిగింది ఇంజిన్ ఆయిల్ ఎంత తరచుగా పోయవలసి వస్తోందని. అడగవలసిన ప్రశ్నే అది. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు నిలిపివేశాక కన్వర్టర్‌కు సీసం బెడద తప్పింది గాని, ఇంజిన్ ఆయిల్‌ను తాగేస్తుంటే అందులోని ఫాస్ఫరస్ ఉత్ప్రేరకం మీద పేరుకుని దానిని క్రమంగా చంపుతుంది. “ఎందుకు చెడిపోయిందో చూడకుండా కొత్తది ఏస్తే అదీ ఇట్లే పోతాది సార్” అన్నాడాయన.

కన్వర్టర్‌లో సన్నని రంధ్రాల సిరామిక్ దిమ్మె మీద అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం సూక్ష్మకణాలు ఉంటాయి. మొదటి రెండూ కార్బన్ మోనాక్సైడ్‌నూ కాలకుండా మిగిలిన ఇంధనాన్నీ ఆక్సీకరిస్తే, రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా క్షయకరిస్తుంది. అదే పూతలోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాచుకుని, తక్కువైనప్పుడు విడిచిపెడుతుంది కాబట్టి, కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ ఎంత ఊగినా వెనుకనున్న సెన్సర్‌ది నిలకడగా ఉండాలి. ట్యాబ్ తెరమీద ఆయన చూపించిన రెండు గీతలూ మా కారులో ఇంచుమించు జంటగా ఊగుతున్నాయి. చాలామంది అక్కడితో కన్వర్టర్ పోయిందని తీర్పు చెప్పేస్తారు. ఈయన మాత్రం చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి, సైలెన్సర్ గొట్టం జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లాడు. వెనుక సెన్సర్‌కు ముందున్న జాయింటు దగ్గర బుడగలు పొంగాయి. అక్కడ లీకుంటే బయటిగాలి లోపలికి చేరి సెన్సర్ లెక్క తప్పుతుంది.

ఆ జాయింటులో లీకు ఆపే గాస్కెట్ మార్చి కోడ్ చెరిపి, హైవే మీద నడిపి చూస్తే వెనుక గీత నిలకడగా నిలిచింది. అరిగిన ఒక స్పార్క్ ప్లగ్ కూడా మార్చాడు. ప్లగ్ సరిగా మండించక మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లో మండితే సిరామిక్ కరిగిపోగలదు. ముందు సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపి దిమ్మె ముఖం చెక్కుచెదరలేదని నాకూ చూపించాడు. ట్యాంకులో పోసే క్లీనర్ మందు అమ్మజూపకపోవడం నాకు మరీ నచ్చింది. బిల్లు కొత్త కన్వర్టర్ ధరతో పోలిస్తే లెక్కలోది కాదు.

లోపాలూ ఉన్నాయి. ఖర్చెంతవుతుందో ముందుగా రాసివ్వరు, చెప్పిన వేళకు బండి ఇవ్వరు, ఎండలో నిలబడవలసిందే. పొగలోని వాయువులను కొలిచే అనలైజర్ లేదు కాబట్టి పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వేరేచోటికి పోవాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొన్ని డీజిల్ బండ్లలో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పొగలోకి 32.5 శాతం యూరియా ద్రావణం చల్లే ఏర్పాటు ఉంటోంది. ఆ పని ఇక్కడ చేయరు. అటువంటి బండి ఉన్నవారు కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లడం మంచిది.