గోలీలా, కౌన్సెలింగా? ముందు బస్సు సంగతి చూడండి

“ఆపరేషన్ అయింది, కీమో అయింది, కడుపు మీద పెట్టిన మలం బ్యాగు కూడా తీసేసిండ్రు. రిపోర్టులన్నీ మంచిగనే ఉన్నయ్. మరి ఈ మనసుకేమైందన్నా?” పెద్దపేగు క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లు ఫోన్ చేసి అడిగే మాట ఇది. దాని వెనకే ఇంకో ప్రశ్న: మానసిక డాక్టర్ ఇచ్చే గోలీలు మేలా, కౌన్సెలింగ్ మేలా? 2022లో నాకు రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) ఆపరేషన్ అయింది. హన్మకొండలో ఉంటూ రెండూ చూశాను. డాక్టర్‌ను కాను, పడ్డవాడిగా చెప్తున్నాను.

గోలీలంటే మనవాళ్లకున్న భయంలో సగం నిద్రమాత్రల మీది భయమే. అల్ప్రాజోలం లాంటివి అలవాటు పడతాయి. డిప్రెషన్ మందులు ఆ తీరువి కావు, కాకపోతే డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా ఆపొద్దు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారానికే “ఏం లాభం లేదు” అని డబ్బా పక్కన పెట్టేసినవాళ్లను చూశాను. మనలాంటి వాళ్లు డాక్టర్‌కు పేగు సంగతి తప్పకుండా చెప్పాలి. డిప్రెషన్ మందుల్లో సెర్ట్రాలిన్ కొందరికి మోషన్లు పెంచుతుంది. రోజుకు పదిసార్లు పోయేవాడికి ఇంకో నాలుగు కలిస్తే మనసేం కుదుటపడుతుంది? అమిట్రిప్టిలిన్ అయితే గట్టిపరుస్తుంది. ఆక్సాలిప్లాటిన్ కీమోతో అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు మిగిలినవాళ్లకు డులోక్సెటిన్ ఉంది. అది ఆ నొప్పికీ వాడతారు, డిప్రెషన్‌కూ వాడతారు. నేను మొదటిసారి పోయినప్పుడు కీమో మాటే ఎత్తలేదు, ఆ డాక్టర్ కూడా అడగలేదు. రెండు నెలలు వృథా.

కౌన్సెలింగ్‌లోనూ నాకు మొదట దొరికింది “పాజిటివ్‌గా ఆలోచించండి” బాపతు. రెండో ఆవిడ మాత్రం అసలు జబ్బు పట్టుకుంది. మొదటి రెండేండ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఐదేండ్ల దాకా ఆరు నెలలకోసారి, క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష ఉంటుంది కదా. ఆ తారీఖు దగ్గర పడుతుంటే ఇంట్లో అందరి మీదా కస్సుమనేవాణ్ని. కడుపులో చిన్న మెలిక తిరిగినా “మళ్లీ వచ్చింది” అనుకునేవాణ్ని. ఆ భయానికి సాయంత్రం అరగంట టైమ్ ఇమ్మంది, మిగతా పొద్దంతా “సాయంత్రం చూద్దాం” అని వాయిదా వేయమంది. నవ్వొచ్చింది గానీ పనిచేసింది. గోలీ ఈ విద్య నేర్పదు. నా మొగ్గు కౌన్సెలింగ్ వైపు ఉండటానికి కారణం అదే.

అయినా ఏది మేలో తేల్చేది ఇవేవీ కావు. బస్సు.

రెక్టమ్ కింది భాగం తీసేశాక చాలామందికి మోషన్ కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, ఆపుకోలేనట్టు వస్తుంది. డాక్టర్లు దీన్ని లార్స్ అంటారు. కౌన్సెలింగ్ అంటే వారానికోసారి, కనీసం ఆరేడు సార్లు రావాలి. ఏటూరునాగారం నుంచో భూపాలపల్లి నుంచో బాత్రూం లేని బస్సులో అంతసేపు కూర్చుని రావాలంటే ముందురోజు నుంచే తిండి మానేయాలి. మనసు బాగుచేసుకోవడానికి చేసే ప్రయాణమే మనసును చంపుతుంది. గోలీలకైతే నెలకోసారి వస్తే చాలు. అందుకే అటువైపువాళ్లకు నేను గోలీలు, లేదంటే మొదటిసారి నేరుగా కలిసి మిగతావి ఫోన్లో కౌన్సెలింగ్ అని చెప్తాను. జమ్మికుంట, మంచిర్యాల, మహబూబాబాద్ వాళ్లది వేరే లెక్క. రైలు ఉంది, రైల్లో బాత్రూం ఉంది. కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగొచ్చు.

అసలు అన్నిటికంటే ముందు సర్జన్‌ను మోషన్ల గురించి అడగండి. మోషన్లు తగ్గించే లోపరమైడ్ గోలీ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో, కటి కండరాల వ్యాయామం ఎట్లా చేయాలో చెప్తారు. 2024 మేడారం జాతరకు నేను పోలేదు, పెండ్లిళ్లకు పోయినా తినకుండా తిరిగొచ్చేవాణ్ని. డిప్రెషన్ అనుకున్న దాంట్లో ఎంత మనసుదో ఎంత పేగుదో మోషన్లు కాస్త అదుపులోకి వచ్చాకే నాకు తెలిసింది.

ఒక్క సందర్భంలో మాత్రం నా మొగ్గు, బస్సు లెక్క రెండూ పక్కన పెట్టండి. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి పోతే సైకియాట్రిస్ట్ దగ్గరికే పోవాలి. చావాలన్న ఆలోచన వస్తే ఆ రోజే. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో ఆ విభాగం ఉంది. రాత్రిపూట అయితే సర్కారు మానసిక సాయం ఫోన్ లైన్ టెలిమానస్ 14416కు చేయండి. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు.

యోగా, నడక మంచివే, దేనితోనైనా కలుపుకోవచ్చు. బ్యాగు పెట్టుకున్న ఇంకో మనిషితో మాట్లాడటం కూడా మంచిదే, దొరికితే.

పోయిన నెల జమ్మికుంట నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. కౌన్సెలింగ్‌కు మూడోసారి వస్తున్నదట. “తమ్మీ, బాత్రూం పక్క సీటు పట్టిన, కానీ కాజీపేట దాకా లేవనే లేదు” అన్నది.